తవ్వినాడా, తవ్వించినాడా? ఒక చీనీ తోట ఆసామి బతుకుతో సీమ చరిత్ర పాఠం

నోటుపుస్తకాలు మార్చుకొని ఒకరివి ఒకరు దిద్దుకోమన్నాను. ఎనిమిదో తరగతి. ఒక పిల్లోడు రాసుకొచ్చిన వాక్యం ఇది: ‘మా తాత ఈ బావి తవ్వినాడు.’ దాన్ని దిద్దుతున్న అమ్మాయి ‘తవ్వినాడు’ను పెన్సిలుతో కొట్టేసి, పైన ‘తవ్వించినాడు’ అని రాసింది. గొడవ నా బల్ల దాకా వచ్చింది.

“మా ఇంట్లో అందరూ అట్లే అంటారు సార్” అన్నాడు వాడు.

“తట్ట మోసింది మా అవ్వ. వాళ్ల తాత గట్టు మీద నిలబడుకోనుండెనంట” అంది ఆ పిల్ల.

వ్యాకరణం ప్రకారం చూస్తే తేడా చిన్నదే, ఒక్క ‘ఇంచు’. కానీ అనంతపురం జిల్లాలో పదిహేనేళ్లకు పైగా సోషల్ చెబుతున్న నాకు, ఆ గీత కింద ఒక పెద్ద చిక్కుముడి కనిపించింది. ఒక తోట ఆసామి బతుకు ఆధారంగా పిల్లలకు మన ప్రాంత చరిత్ర చెప్పొచ్చా? చెప్పొచ్చు. రాజుల పట్టికల కన్నా బాగా చెప్పొచ్చు. అయితే ‘ఇంచు’ వచ్చిన ప్రతిచోటా ఆగి, ఎవరి చేత అని అడగాలి. ఆగకపోతే మనం చెప్పేది ఆ ఇంటి పొగడ్తే అవుతుంది.

మేం ఎంచుకున్నది ఆ పిల్లోడి తాత తోటే, నార్పల వైపు ఉంది. కోస్తా వాళ్లు బత్తాయి అంటారు, మనకు చీనీ. చీనీ అంటే చైనాది. పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పి ఆపితే చాలు, మిగతా పీరియడంతా వాళ్లే అడుగుతారు: చైనా చెట్టు ఈడికెట్లా వచ్చింది, ఓడలోనా, నేల మీదనా, ఎవురు తెచ్చినారు అని.

ఆసామి వయసు 84. పుట్టింది మద్రాసు ప్రెసిడెన్సీలో. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేనాటికి బడికి పోతున్నాడు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. 2014లో రాష్ట్రం రెండయింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా కూడా రెండయ్యాక, ధర్మవరంలో కాపురముంటున్న ఆయన కూతురు శ్రీ సత్యసాయి జిల్లా మనిషైపోయింది. ఆయన మాత్రం ఊరు కదల్లేదు. ఇంకొంచెం వెనక్కి పోతే, ఆయన తండ్రి పుట్టేనాటికి ‘రాయలసీమ’ అనే పేరే లేదు. 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చిన జిల్లాలు కాబట్టి వీటిని ‘దత్త మండలాలు’ అనేవాళ్లు. ఆ మాట బాగా లేదని 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభలో చిలుకూరి నారాయణరావు ‘రాయలసీమ’ అన్నారు. తేదీలు బట్టీ పట్టని పిల్లలు కూడా ఈ వరస మరిచిపోలేదు, ఎందుకంటే ప్రతి తేదీ దగ్గరా ఆ తాత వయసెంతో లెక్కగట్టుకున్నారు.

ఒక మనిషి బతుకును పట్టుకొని చరిత్ర చెప్పడం మనకు కొత్త కాదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు కోయిలకుంట్ల వైపు ఏ పిల్లోణ్ణి అడిగినా చెబుతాడు. కంపెనీ ఇచ్చే నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణం, 1846 తిరుగుబాటు, 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి. పిల్లల రోమాలు నిక్కబొడుచుకుంటాయి, నిక్కబొడుచుకోవాలి కూడా. కానీ ఆయన వెంట నడిచిన కట్టుబడుల సంగతి ఎంతమందికి తెలుసు? ఊళ్ల కాపలా చూసుకుంటూ ఇనాం భూముల మీద బతికిన వాళ్లు వాళ్లు. ఆ ఇనాములకే ఎసరొచ్చింది. వాళ్ల కడుపుమంటను పక్కన పెడితే ఆ తిరుగుబాటుకు కారణం సగమే అర్థమవుతుంది. తోట ఆసామి కథకు కత్తులూ గుర్రాలూ లేవు గానీ, చిక్కు అదే.

భూమి ఆయన ఇంటికి ఎట్లా వచ్చిందో చెప్పాలంటే మన్రో దగ్గర మొదలుపెట్టాలి. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు. అప్పటికి ఇక్కడ 80 మంది పాలెగాళ్లు. మన్రో వాళ్ల బలం అణచి, ఊరికి ఊరు భూమి కొలిపించి, మధ్యవర్తి లేకుండా రైతుతోనే నేరుగా శిస్తు కట్టించుకునే పద్ధతి పెట్టాడు. అదే రైత్వారీ. కోస్తాలో జమీందార్లుంటే మన వైపు పట్టాదార్లు ఎక్కువ కావడానికి మూలం ఇదే. ఆ మన్రో గవర్నరు హోదాలో 1827 జులైలో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్లు సీమలో ఉండేవి. ఇంత మక్కువ ఎందుకో పిల్లలకు చెప్పాలి: పట్టా అంటే పేరు. నీ పేరు మీద కాయితం ఉంది, శిస్తు కడుతున్నంతకాలం నిన్ను కదిపేవాడు లేడు. వెంటనే రెండో ముక్క కూడా చెప్పాలి: పట్టా లేనివాడికి ఆ కాయితం లోకంలో పేరు లేదు.

ఈ రెండో ముక్క మాటగా చెబితే పిల్లలకు ఎక్కదు. కంటితో చూడాలి. పెద్దాయన ట్రంకు పెట్టెలోంచి రెండు పాత అడంగల్ నకళ్లు తీసిచ్చాడు. అడంగల్ అంటే ఏ భూమి ఎవరిది, అందులో ఏ పంట అని ఏటా రాసే ఊరి లెక్క. ఒకటి ఫసలీ 1378, ఇంకోటి ఫసలీ 1388. ఫసలీకి 590 కలిపితే మన సంవత్సరం వస్తుందని చెప్పాను. జులై 1 నుంచి లెక్క. పిల్లలు గబగబా కలిపేశారు: 1968, 1978. కరణం చేతిరాత. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక అట్లాంటి గొలుసుకట్టు రాత చదవగలిగేవాళ్లు ఊళ్లలో తగ్గిపోయారు. మేం కూడా ఒక్కో గడికి పది నిమిషాలు తంటాలు పడ్డాం. సర్వే నంబరు. విస్తీర్ణం. మెట్టా, తరియా (మాగాణా). పట్టాదారు పేరు. అనుభవదారు పేరు. నీటి ఆధారం. పంట పేరు.

పట్టాదారు వేరు, అనుభవదారు వేరు అని తెలిసినప్పుడు పిల్లల మొహాల్లో వెలుగు చూడాలి. కాయితం ఒకరిది, సేద్యం ఇంకొకరిది కావచ్చన్నమాట. 1968 నాటి నకలులో భూమంతా ఒకే పేరు మీద ఉంది. 1978 నాటికి నాలుగు పేర్లు. ఎందుకు? “భాగాలు పోయినాం” అన్నాడు పెద్దాయన. అయ్యుండొచ్చు. ఆ మధ్యలోనే 1973 భూపరిమితి చట్టం వచ్చింది, 1975 జనవరి 1 నుంచి అమలైంది. అయిదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే నేల రకాన్ని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు పరిమితి. భాగాలు పోవడం మామూలు సంగతి, చట్టానికి దొరకకుండా పేర్లు పంచడమూ ఆ కాలంలో మామూలు సంగతే. ఈ ఇంట్లో ఏది జరిగిందో తీర్పు చెప్పడం నా పని కాదు, పిల్లల పని అంతకన్నా కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చూపించాను. పంట గడిలో తేడా కూడా వాళ్లే పట్టారు: 1968లో కొర్ర, జొన్న, 1978లో శనక్కాయ, మూడెకరాల్లో చీనీ. నీటి ఆధారం గడిలో రెండుసార్లూ ‘బావి’.

అప్పుడు ఆ అమ్మాయి అడిగింది, కూలోళ్ల గడి యాడుంది సార్ అని.

లేదు. అడంగల్‌లో చెట్టుకు గడి ఉంది, బావికి గడి ఉంది, కూలికి గడి లేదు.

ఇక బావి దగ్గరికి వద్దాం. ఇప్పుడది ఎండిపోయిన గుంత, అడుగున ముళ్లకంప, ప్లాస్టిక్ సంచులు. ఒడ్డున నిలబెట్టిన రాతి దిమ్మెకు వేలు పట్టేంత లోతున గాడులున్నాయి. పిల్లలు వాటిని చెక్కినవి అనుకున్నారు. చెక్కినవి కావు, తాడు రాసుకొని రాసుకొని అరిగినవి. ఇంజను రాకముందు కపిల తోలేవాళ్లు. తెల్లారుజామున ఎద్దులను వాలులోకి దించితే తోలు బాన నిండుగా పైకొస్తుంది, వెనక్కి నడిపిస్తే కిందికి దిగుతుంది. ఆ రాకపోకల లయకే కపిల పాటలు పుట్టాయి. బాన కుట్టిందీ, చిరిగితే అతికిందీ మాదిగ ఇళ్ల వాళ్లు. తాడు పేనింది, మోకు బిగించింది, ఎద్దును మేపింది, కాలువ మళ్లించింది, పాదు చేసింది అంటూ పిల్లలు ఒక్కో పనికీ ఒక్కో వేలు ముడుచుకుంటూ పోయారు. రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి.

బావి ఎవరు తవ్వారు? ఆ అమ్మాయి వాళ్ల అవ్వే చెప్పింది. 70 దాటిన మనిషి, నేల మీద కూర్చొని, కొంగుతో మొహం తుడుచుకొని మొదలుపెట్టింది.

“బండ పడిందాకా మా ఊరోళ్లమే తవ్వినాం నాయనా. బండ పడినంక వడ్డోళ్లను పిలిపించిరి. వాళ్లు గడారి, సమ్మెట పట్టుకొని దిగితే పొద్దుగూకినంక పైకొచ్చేటోళ్లు. తూటా పెట్టినప్పుడు మమ్మల్ని దూరంగా పొమ్మనేటోళ్లు. నేను తట్ట మోసినా. పన్నెండేండ్లుంటాయేమో. కూలి దుడ్లు కాదు, కొర్రలు కొలిచి పోసేటోళ్లు. మీ పెద్దమ్మ ఉండెనే, ఆయమ్మ మాత్రం సంగటి కడుపు నిండా పెట్టేది, అబద్దమెందుకు.”

పెద్దమ్మ అంటే ఆసామి భార్య, ఇప్పుడు లేదు. ఆమె పేరు కూడా అడంగల్‌లో లేదు.

ఇది ఒక్క ఆసామి గుణం కాదు, మన చరిత్ర భాషే అంత. రాయలు చెరువు తవ్వించాడు, రెడ్డిరాజులు గుడి కట్టించారు, మన్రో భూములు కొలిపించాడు. తెలుగులో ఒక మంచితనం ఉంది: ‘ఇంచు’ చేరిస్తే చాలు, చేసినవాడు ఇంకొకడున్నాడని మాటే ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోలును మనం వినడం మానేశాం. ఇంట్లో మాట్లాడేటప్పుడైతే ‘ఇంచు’ కూడా రాలిపోతుంది, ‘మా తాత బావి తవ్వినాడు’ అయిపోతుంది. నేను ఇప్పుడు పిల్లలకు ఇచ్చే పని ఒకటే. పాఠంలో ‘ఇంచు’ ఉన్న క్రియ కనబడితే చుట్టూ గుండ్రంగా గీయండి, పక్కన ‘ఎవరి చేత?’ అని రాయండి. జవాబు ఉంటే రాయండి, లేకపోతే ఖాళీగా వదిలేయండి. ఖాళీలు చూసి పిల్లలకు వచ్చే అనుమానాలు ఏ పుస్తకమూ పుట్టించలేదు.

జవాబు సగం దొరికే చోట్లు కూడా ఉన్నాయి. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం అట్లాంటిది. 1369 నాటిది. చెరువు కట్టించింది విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. చెరువు కట్టడానికి ఎట్లాంటి చోటు కావాలి, మట్టి ఎట్లా ఉండాలి, ఏ తప్పులు చేయకూడదు అని ఆ శాసనం ఒక ఇంజనీరు మాదిరి చెబుతుంది. అంతటితో ఆగకుండా, రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క కూడా రాస్తుంది. 650 ఏళ్ల కిందటి రాయి మీద కూలీల లెక్క ఉంది! పేర్లు లేవు, నిజమే. కానీ 1968 అడంగల్ కన్నా ఆ రాయి ఒక అడుగు ముందుంది. ఇది చెప్పినప్పుడు తరగతి గది కాసేపు నిశ్శబ్దంగా అయిపోయింది. పోరుమామిళ్లకు ఒకసారి తీసుకుపొమ్మని ఇప్పటికీ అడుగుతున్నారు.

చెరువులకు, బావులకు సొంత డబ్బు పెట్టినవాళ్లకు దశబంధం ఇనాం ఇచ్చే ఆచారం మన వైపు ఉండేది. నీటిలో డబ్బు పెట్టడం కూడా చిన్న సంగతి కాదు. కరువు సీమలో బావి తవ్వించడమంటే జూదం. పడిందా బతికావు, పడలేదా అప్పు. ఆసామి భుజాన ఉన్న ఆ బరువును కూడా పిల్లలకు చూపించకపోతే, ఇటు పక్క తప్పు మళ్లీ అటు పక్కన చేసినట్టవుతుంది.

ఈ పాఠం మొదలుపెట్టిన మొదటి ఏడాది నేను పెద్ద పొరపాటు చేశాను. అప్పుడు తీసుకుంది ఇంకో తోట, ఇంకో ఆసామి. ఆయన్ను బడికి పిలిపించి, శాలువా కప్పి, మాట్లాడించాను. ‘కష్టపడితే ఏదైనా సాధించొచ్చు’ అని బాగా మాట్లాడారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో ఆయన తోటలో పనిచేసే వాళ్ల పిల్లలు నలుగురున్నారు. వాళ్లూ కొట్టారు. మరుసటి వారం ‘మీ ఇంటి చరిత్ర రాయండి’ అంటే ఆ నలుగురూ ఖాళీ కాయితాలు ఇచ్చారు. ఒకడు మాత్రం ఒక్క వరస రాశాడు: ‘మాకు చరిత్ర లేదు, మేము కూలీలు.’ ఆ కాయితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. శాలువా కప్పడంతో వాళ్ల నోళ్లు మూయించింది నేనే.

ఆ దెబ్బతో పద్ధతి మార్చాను. ముందు ఆసామి దగ్గరికి కాదు, ముందు బావి దగ్గరికి. మనిషి దగ్గర మొదలుపెడితే వాడు మంచోడా చెడ్డోడా అన్న చర్చలోనే పీరియడ్ అయిపోతుంది. బావి దగ్గర మొదలుపెడితే అందరూ దాని చుట్టూ చేరతారు. ఆసామి వస్తాడు, కపిల తోలిన మనిషి వస్తాడు, తట్ట మోసిన అవ్వ వస్తుంది. ఎవరూ ముద్దాయి కాదు, ఎవరూ ముఖ్య అతిథి కాదు.

అయినా గాయాలు తప్పవు. అవ్వ మాటలు విన్నాక ఆ పిల్లోడు బడి అయ్యేదాకా ఆగి, నా సైకిల్ స్టాండు దగ్గరికి వచ్చి అడిగాడు: “మా తాత అబద్దం చెప్పినాడా సార్?” వాడి కళ్లలో నీళ్లున్నాయి. మీ తాత అబద్ధం చెప్పలేదు, సగం చెప్పాడు, మిగతా సగం ఆయనకు చెప్పాల్సింది అనిపించలేదు, ఎందుకంటే ఆయన్ను ఎవరూ అడగలేదు అన్నాను. నువ్వు అడుగు అన్నాను. ఇంతకన్నా మంచి జవాబు నాకు ఇప్పటికీ తోచలేదు. ఇట్లాంటి పాఠం చెప్పదలచుకున్న టీచర్లకు ఒక్కటే మనవి: ఆసామి మనవడూ కూలి మనవరాలూ ఒకే గదిలో ఉన్నారని క్షణం కూడా మరవొద్దు. కులం పేరు పనితో పాటే రావాలి, పని గౌరవంతో పాటే రావాలి. బాన కుట్టడం ఒక నైపుణ్యం, బండ నాడి పట్టి తూటా పెట్టడం ఒక నైపుణ్యం అని ముందే చెబితే ఆ పిల్లలు తల ఎత్తుకొని వింటారు.

కరువు సంగతికొస్తే, పెద్దాయనకు తన తాత చెప్పిన ‘ధాత కరువు’ గుర్తుంది. ధాత నామ సంవత్సరం అంటే 1876-77. కర్నూలు జిల్లాలో 1871 జనాభా లెక్కలకూ 1881 లెక్కలకూ నడుమ దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. చనిపోయినవాళ్ల, వలసపోయినవాళ్ల చేలు తర్వాత ఎవరి చేతికి వచ్చాయి అన్న ప్రశ్నను పిల్లలకు వదిలిపెట్టాను. 1952 గంజి కేంద్రాలను మాత్రం ఆయనే కళ్లారా చూశాడు. “గంజికి నిలబడినోళ్లలో మావోళ్లూ ఉండిరి” అన్నాడు మెల్లగా. ఆ మాట వాళ్ల మనవడికి కూడా అప్పటిదాకా తెలీదు.

ఆ తర్వాత కథ మనందరికీ తెలిసిందే గానీ వరసగా చెబితేనే దాని బరువు తెలుస్తుంది. కపిల పోయి ఆయిల్ ఇంజను వచ్చింది, ఇంజను పోయి కరెంటు మోటారు. బావి చాలక బోరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లాలో, వందల అడుగుల లోతు నుంచి నీళ్లు తోడి చీనీ చెట్టుకు పోశాం. చీనీ నాలుగైదేళ్లకు గానీ కాపుకు రాదు. వచ్చాక వదిలిపెట్టలేం, చంటిబిడ్డ లాంటిది. ఒక బోరు ఎండితే పక్కన ఇంకోటి. ఈయన 14 వేయించాడు, రెండిట్లో నీళ్లున్నాయి. (వేయించాడు! పిల్లలు వెంటనే గుండ్రం గీశారు. రిగ్గు మీద పనిచేసేవాళ్లు ఏ రాష్ట్రాల నుంచి వచ్చారో కూడా అడిగి రాసుకున్నారు.) 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చింది, 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చింది. ఒకటి తోడకు అంటుంది, ఇంకోటి తోడుకో అంటుంది. వానల్లేని ఏడాది ట్యాంకర్లతో నీళ్లు కొని పోసి, అయినా నిలవక, సగం చెట్లు నరికించాడు. ఆ చోటు చూపించేటప్పుడు ఆయన గొంతు మారింది.

మార్కెట్లో ఆసామి కూడా చిన్నవాడే. లారీ ఎత్తాక టన్నుకు ఇంతని ‘సూటు’ కింద తరుగు తీసేస్తే నోరు మూసుకోవాలి. ధర ఢిల్లీలో పలుకుతుంది, ఈయనకు ఫోనులో తెలుస్తుంది. ఊళ్లో పెద్ద, మండీలో చిన్న. ఈ రెండూ ఒకే మనిషిలో చూడగలిగిన పిల్లోడికి ఆర్థికశాస్త్రం సగం వచ్చినట్టే.

అయిదో తరగతి లోపు పిల్లలకు ఇంత అక్కర్లేదు. బావి, ఎద్దులు, పాట, చెట్టు చాలు. ఎనిమిది నుంచి అడంగల్ పెట్టొచ్చు. భూపరిమితి, కులం, కూలి లోతుగా చెప్పేది పదిలో.

చివర్లో పిల్లలు ఒక పెద్ద చార్టు చేశారు. అడంగల్ నమూనాయే, అవే గడులు, పట్టాదారు, అనుభవదారు, పంట, నీటి ఆధారం. కుడివైపున ఎర్ర స్కెచ్చుతో ఒక గడి కొత్తగా గీశారు: ‘పని చేసినవారు’. దొరికిన పేర్లన్నీ రాశారు. అవ్వ పేరుంది. ఆసామి భార్య పేరుంది, ‘సంగటి వండింది’ అని. కపిల తోలినవాళ్లు ఇద్దరు. వడ్డె కుటుంబాల గడిలో పేర్లు లేవు, ‘ఎనిమిది మంది, ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు’ అని ఉంది.

చార్టు చూడ్డానికి పెద్దాయన వచ్చాడు, ఈసారి శాలువా లేదు. అద్దాలు సర్దుకొని పై నుంచి కిందిదాకా చదివాడు. మనవడు రాసిన ‘తవ్వించినాడు’ దగ్గర ఏమీ అనలేదు. కపిల వరస దగ్గర ఆగాడు.

“ఇద్దరు కాదురా, ముగ్గురు. చిన్నోడొకడుండె, తెల్లారుజామున వాడే తోలేది. నేను లేచేసరికి మడి తడిసిపోయుండేది. వాని పేరు...”

చాలాసేపు ఆలోచించాడు. పిల్లలు స్కెచ్చు పట్టుకొని నిలబడ్డారు. పేరు గుర్తొచ్చింది. తానే స్కెచ్చు తీసుకొని, వణికే చేత్తో, ఆ ఇద్దరి కింద రాశాడు.